రెండు వందల అయిదు డిగ్రీలు

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. అమీర్‌పేట్‌ల మా గల్లీల ఎవర్నడిగినా గిదే చెప్తరు. "కరుణశ్రీ దగ్గరికి కుక్కర్ తీస్కపో, పని మస్తు చేస్తది. కానీ ఎట్ల పాడైందో మాత్రం చెప్పకు, తిడ్తది" అని ఒకరికొకరు చెప్పుకుంటరట. చెప్పుకోనీ. పిడి ఊడిన కుక్కర్‌ను రెండు నెలలు గుడ్డతోని పట్టుకుని వండి, ఆఖర్న నా ముందర పెట్టి "నిన్ననే ఊడిందక్కా" అంటే ఎవరికి మండదు?

కానీ గా కోపమే పోయిన నెల మొదటి ఆదివారం నాడు మా ఇంట్ల పుట్టబోయే బిడ్డ మీదికి వచ్చింది. ఎట్ల వచ్చిందో చెప్త. మధ్యల అడ్డం రాకుండ్రి.

మా షాపు మా నాన్న సత్యరాజు పెట్టింది. కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద, ఇద్దరు నిలబడితే మూడో మనిషి రోడ్డు మీద నిలబడాల్సినంత జాగ. హాస్టళ్ళ టీ క్యాన్లు, ఇడ్లీ పాత్రలు, మిక్సీలు, కుక్కర్లు, అన్నీ నేనే చేస్త. నాన్న పోయి ఆరేండ్లయింది. షాపు మెట్టు మీద బోరబండ బుచ్చయ్య తాత కూసుంటడు. ఒకప్పుడు ఇత్తడి గిన్నెలకు కళాయి పోసిన మనిషి. ఇప్పుడు చేతులు వణుకుతయి గానీ కండ్లు మాత్రం గట్టిగున్నయి. నా పనికి వంకలు పెట్టుడు ఆయన పని, ఆయన నోరు మూయించుడు నా పని.

మా చర్చి పంజాగుట్ట నుంచి ఎర్రమంజిల్ పోయే దిక్కు, లోపలి గల్లీల ఉంటది. ప్రతి నెల మొదటి ఆదివారం ప్రభు భోజన సంస్కారం, అందరికి రొట్టె, ద్రాక్షరసం. రసాన్ని స్టీలు కొమ్ముచెంబుల పోసి పెట్టుకుని, ఆ కొమ్ములకెల్లి చిన్న చిన్న గ్లాసులల్ల వంపుతరు. ఆ చెంబు మా నాన్న ఇచ్చిందే. "సత్యరాజు కుటుంబం" అని దాని పొట్ట మీద పేరు చెక్కిచ్చి మరీ ఇచ్చిండు. ఆ ఆదివారానికి ముందు గురువారం పొద్దున సంఘం ఆడోళ్ళకు పెద్ద, యేసుమణి ఆంటీ, దాన్ని సంచిల పెట్టుకుని వచ్చింది. ఆమెది గుంటూరు దిక్కు.

"కరుణా, కొమ్ము మొదట్లో కారిపోతోందే. వెల్డింగ్ అబ్బాయిని అడిగితే రేకు మరీ పల్చన, చిల్లు పడుద్ది, నేను చెయ్యనన్నాడు. ఏదైనా జిగురు పూసేస్తే సరిపోదూ?"

"సరిపోతది. జిగురు కలుపుకుని తాగుండ్రి అందరు కలిసి" అన్న నేను. "పెట్టిపో ఆంటీ. రేపు సాయంత్రం ఇస్త."

ఆమె నవ్వుకుంట పోయింది. నా నోరు ఆమెకు అలవాటే.

స్టీలుకు మాటు వేసుడు, అంటే టంకం కరిగిచ్చి చిల్లు మూసుడు, ఇత్తడికి వేసినట్టు కాదు. స్టీలు మీద కంటికి కనపడని పొర ఒకటి ఉంటది. గీకితే పోతది, చూస్తుండంగనే మళ్ళ కట్టుకుంటది. ఆ పొర ఉన్నంతసేపు ఏ టంకమూ అంటదు, నూనె పెనం మీద నీళ్ళ లెక్క ఉండలు కట్టి జారిపోతది. మైకు వైర్లకు వాడే పేస్టు దాని ముందర ఉత్తదే. ఆ పొరను తినేసే మందు, ఆసిడ్ ఫ్లక్స్ కావాలె. అండ్ల సుత రెండు రకాలున్నయి. ఆసిడ్‌ల జింకు కరిగిచ్చింది ఒకటి. జల్ది పట్టుకుంటది గానీ, సందుల ఒక్క బొట్టు మిగిలిందంటే ఆ స్టీలునే మెల్లమెల్లగ తింటది. రెండోది ఫాస్ఫారిక్ ఆసిడ్‌ది. జర నిదానం, కానీ సోడా వేసిన వేడినీళ్ళతోని కడిగితే వదులుతది. కొమ్ము లోపలికి నా వేలు పోదు. కడగరాని జాగల మొండిది పెట్టొద్దని రెండోదే తీసుకున్న.

ఇగ టంకం. మామూలు టంకం వైరుల అరవై పాళ్ళు తగరం, నలభై పాళ్ళు సీసం ఉంటది. మైకులకు, రేడియోలకు దాన్ని మించింది లేదు. తినే గిన్నెకు అది పెట్టినోళ్ళ చేతులు విరగ్గొట్టాలె. పులుపు తగిలితే సీసం మెల్లగ అండ్ల దిగుతది. ఒక్క గుటకకు ఎవరూ కింద పడరు. కానీ ఒంట్ల చేరిన సీసం జల్ది పోదు, తల్లి ఒంట్లకెల్లి కడుపుల బిడ్డకు సుత పోతది. అందుకే తినే గిన్నెలకు నేను వెండి వైరే వాడ్త. అంటే తగరంల నూటికి నాలుగు పాళ్ళు వెండి కలిపింది.

ఆ వెండి వైరుకు ఇంట్లనే దొంగ ఉండె. నా తమ్ముడు మార్క్. పంజాగుట్టల ఒక ఆఫీసుల పని చేస్తడు, ఆదివారం చర్చిల కీబోర్డ్ వాయిస్తడు. చర్చి మైకు వైర్లు తెగితే సాయంత్రం షాపుకొచ్చి, ఏ రీలు చేతికి దొరికితే దానితోని అతుకేసి పోతుండె. రెండుసార్లు వెండి వైరు ఖతం చేసిండు. రెండోసారి నేను ఊకోలే. బుచ్చయ్య తాత ముందర, ఆని భార్య షెర్లిన్ ముందర, గల్లీల పోయేటోళ్ళు నిలబడి చూస్తుండంగ తిట్టిన. షెర్లిన్‌కు ఇంతకు ముందు రెండుసార్లు కడుపు పోయింది. ఇది మూడోది, ఆరో నెల. నేను గట్టిగ అరుస్తుంటే ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టుకుని గోడకు ఆనుకుంది. అది సుత చూసుకుంటనే తిట్టిన.

తిట్టినంక నమ్మకం రాలే. ఈడు మళ్ళ ముడ్తడు అనుకుని ఒక ఉపాయం చేసిన. కొత్తగ తెచ్చిన వెండి వైరు తీసి మామూలు రీలుకు చుట్టిన. మామూలు వైరు వెండి రీలుకు చుట్టిన. దొంగ ఎటూ వెండి పేరున్న రీలే తీస్తడు గదా, తీసుకోనీ అని. ఎవరికీ చెప్పలే. ఎంత తెలివిగల్లదాన్నో అని నాలో నేనే మస్తు ఖుషీ అయిన.

శుక్రవారం పొద్దున చెంబు పట్టుకున్న. గరుకు కాగితంతోని రుద్దిన, ఫ్లక్స్ పెట్టిన, ఆసిడ్ ఆవిరికి మూతికి, ముక్కుకు మాస్క్ కట్టుకున్న. మామూలు పేరున్న రీలు తీసి టంకం పెట్టిన. నీళ్ళ లెక్క పారింది. కొమ్ము మొదట్ల చుట్టూరా సన్నటి వెండి కడియం తొడిగినట్టు కూసుంది. సోడా నీళ్ళు మూడుసార్లు మరగబెట్టి కడిగిన. ఒక్క చుక్క కారలే.

బుచ్చయ్య తాత కండ్లు చిట్లించి చూసిండు. "గంత మెరుస్తుందేంది బిడ్డా? నీ వెండి టంకం ఎప్పుడు జర మసకగనే ఉంటది గదా."

"నా చెయ్యి తాత అది. మెచ్చుకోనీకి నోరు రాకపోతే సప్పుడు చేయకుండ కూసో."

ఆయన సప్పుడు చేయకుండ కూసున్నడు. సాయంత్రం యేసుమణి ఆంటీ చెంబు తీస్కపోయింది. పద్ధతి ప్రకారం శనివారం ద్రాక్షలు ఉడికిచ్చి, పిండి, రసం ఆ చెంబుల పోసి, తెల్లగుడ్డ కప్పి, ప్రార్థన చేసి పెడ్తరు. రాత్రంతా అండ్లనే ఉంటది.

ఆదివారం ఆరాధన తొమ్మిదిన్నరకు. సంస్కారం పదకొండున్నరకు గానీ రాదు. హాస్టల్ నడిపే సుకన్య పొద్దున్నే టీ క్యాన్ పట్టుకుని వచ్చింది. ట్యాప్ దగ్గర ధారగ కారుతుంది, నూరు మంది పిల్లలకు టీ లేదట. సరే, గిది చేసి నేరుగ చర్చికి పోదామని షట్టర్ లేపిన. తొందరల మాస్క్ కట్టుకోలే.

వైరు తగిలి తగలంగనే వాసన వచ్చింది. సాంబ్రాణి లెక్క తియ్యటి పొగ. నా చెయ్యి ఆడనే ఆగిపోయింది. వెండి వైరు గట్టి వైరు, లోపల ఏమీ ఉండదు. లోపల మైనం లాంటి మందు ఉండే వైరుకే గా పొగ వస్తది. మైకులకు వాడే వైరు. సీసం వైరు.

రీలు ఇటు తిప్పి చూసిన, అటు తిప్పి చూసిన. కాగితం మీద వైరు రుద్దితే పెన్సిల్ గీసినట్టు నల్లగ గీత పడ్డది. అయినా మనసు ఒప్పుకుంటలేదు. నా దగ్గర డిగ్రీలు చూపించే, టంకం పెట్టే చిన్న ఐరన్ ఉంది. దాన్ని రెండు వందల అయిదుకు పెట్టిన. సీసం ఉన్న వైరు నూటతొంభై దగ్గరనే కరుగుతది. వెండి వైరు రెండు వందల ఇరవై దాటాలె. రెండు వందల అయిదు దగ్గర ఒకటి కరుగుతది, ఇంకోటి కరగదు. మధ్యల తప్పిచ్చుకునే జాగ లేదు.

వైరు ముట్టిచ్చిన. వెన్న లెక్క కరిగింది.

"ఏమైంది కరుణక్కా?" అన్నది సుకన్య.

"క్యాన్ ఈడనే ఉండనీ. దీంట్ల టీ పోయకు. పిల్లలకు బయట తాగమను."

ఆమె ఏదో అంటుండంగనే మార్క్‌కు ఫోన్ కొట్టిన. షెర్లిన్ ఎత్తింది. కడుపుల తిప్పుతుందని ఆమె చర్చి వరండాల కూసుందట. మార్క్ కీబోర్డ్ దగ్గర ఉన్నడు, ఫోన్ ఈమె చేతిల పెట్టిండు.

"షెర్లిన్, మార్క్ నా వైరు ముట్టిండా?"

ఆమె నసిగింది.

"చెప్పు!"

"వదినా... ఆయన వెండి రీలు ముట్టలేదొదినా. ఒట్టు. నువ్వు తిట్టిన కాన్నుంచి మామూలు రీలే తీస్తుండు. అది అయిపోతే కొత్తది కొని, సగం తీసి, పాత రీలుకే చుట్టి అదే జాగల పెట్టిండు. నువ్వు మళ్ళ తిడ్తవని నీకు చెప్పొద్దన్నడు."

దొంగ అనుకున్నోడు మాట విన్నడు. విని, మామూలు అని పేరు రాసున్న రీలే వాడిండు. నేను దాచిన వెండి వైరు అంతా మైకు వైర్లకు పోయింది. ఆ జాగల నిజాయితీగ సీసం వైరు తెచ్చి పెట్టిండు.

"ఎప్పుడు పెట్టిండు? గురువారమా, శనివారమా?"

"నాకు తెల్వదొదినా."

"నీకేం తెలుసే అసలు? నోరు తెరిచి ఒక్క మాట చెప్పనీకి ఇద్దరికీ ఏం రోగం?"

ఫోన్ కట్ అయింది. రసం ముట్టకు అని చెప్పేటంత సుత ఆగలే నేను, ముందు అరిచిన. మళ్ళ కొట్టిన, ఎత్తలే. ఇంకోసారి కొట్టిన. స్విచాఫ్. యేసుమణి ఆంటీకి కొట్టిన, ఆరాధనల ఆమె ఫోన్ సుత బంద్.

టైం పది దాటి నలభై. వైరు మార్చింది శనివారమైతే చెంబుకు వెండి వైరే పడ్డట్టు. గురువారమైతే సీసం. ఆ మెరుపు తలుసుకుంటే నాకు జవాబు తెలుస్తనే ఉంది. కానీ చెంబును ముట్టి చూసేదాక ఒప్పుకోబుద్ధి కాలే. ఐరన్ చల్లబడక ముందే తడిగుడ్డల చుట్టి సంచిలేసుకున్న, బ్లేడ్ ఒకటి వేసుకున్న, మెట్రో దిక్కు ఉరికిన. ఆటో ఎక్కుదామంటే చౌరస్తాల పైపుల కోసం రోడ్డు తవ్వి పెట్టిండ్రు.

మెట్రోల సంచి తనిఖీ చేసే అమ్మాయి ఐరన్ బయటికి తీసింది. "ఇదేందమ్మా? వేడిగ ఉంది. బ్లేడ్ సుత ఉంది. లోపలికి పంపియ్యం."

నా నోటికి వచ్చింది అంతా నాలుక కొస మీద ఉంది. నీకు నా వయసంత లేదు, నాకు చెప్తవా, అని. గోడ మీది గడియారం చూసిన. పది యాభై రెండు. అరిస్తే పై ఆఫీసర్ వస్తడు, ఆయన వస్తే పావుగంట.

"బ్లేడ్ ఈడ్నే పారేయ్ తల్లీ" అన్న నేను. గొంతు నాదేనా అనిపించింది. "ఐరన్ మాత్రం ఉండనీ. చర్చిల పాత్ర ఒకటి పాడు చేసిన. అందరు దాంట్ల తాగకముందే పోవాలె."

ఆ పిల్ల నా దిక్కు, నా నల్లటి చేతుల దిక్కు చూసి, సారును పిలిచి ఏదో చెవిల చెప్పి, పొమ్మన్నది. ఒక్కటే స్టేషన్. ఆ రెండు నిమిషాలు నేను సీట్ల కూసోలే, తలుపు దగ్గరనే నిలబడి ప్రార్థన చేసిన. శనివారం కావాలె ప్రభువా, వాడు శనివారం పెట్టి ఉండాలె. పంజాగుట్టల దిగి, ఫ్లైఓవర్ కింద కెల్లి ఉరికి, గల్లీల తిరిగి చర్చి వెనక తలుపు తోసేసరికి పదకొండు దాటి పది.

వెనక గదిల యేసుమణి ఆంటీ ఒక్కతే ఉంది. బల్ల మీద చెంబు, దాని మీద తెల్లగుడ్డ, పక్కన చిన్న గ్లాసుల పళ్ళేలు. హాల్ల అయ్యగారి వాక్యం అయిపోవస్తున్నట్టుంది.

"ఏంటే ఈ అవతారం? తల మీద కొంగన్నా లేదు" అన్నది ఆంటీ.

"ఒక్క నిమిషం ఆంటీ. కొమ్ము ఒకసారి చూడాలె."

"కారట్లేదే! బంగారంలా వేశావు. ప్రార్థన చేసిన పాత్ర, ఇప్పుడు ముట్టుకోకు."

నేను గుడ్డ తీసిన. టంకం కడియం తళతళ మెరుస్తుంది. కానుక కవర్లు కట్టే దారం కోసే కత్తెర ఆడ ఉంది. దాని మొనతోని బయట దిక్కు టంకం కొద్దిగ గీకిన. గోరంత ముక్క చుట్టలు తిరిగి ఊడింది. దాన్ని కానుక కవరు మీద పెట్టిన. ఐరన్ ప్లగ్గుల పెట్టిన. రెండు వందల అయిదు. అంకెలు ఒక్కొక్కటే ఎక్కుతున్నయి. నూట ముప్పై. నూట అరవై. నూట తొంభై ఎనిమిది. హాల్ల అందరు ఆమెన్ అన్నరు.

రెండు వందల అయిదు.

మొన ముట్టిచ్చిన. ముక్క ఒక్క క్షణం అట్లనే ఉంది. నా ప్రాణం లేచి వచ్చింది. మరుక్షణం మెత్తబడి, గుండ్రంగ ముత్యం లెక్క అయి, కవరు మీద దొర్లింది.

"ఏంటే అది?" అన్నది ఆంటీ.

నిజం చెప్పాల్నంటే, అప్పుడు నాకు వచ్చిన ఆలోచన మంచిది కాదు. ఈమెకు తెల్వదు. ఎవరికీ తెల్వదు. ఒక్కొక్కరు ఒక్క గుటక, ఇవ్వాళ ఎవరికీ ఏం కాదు. లేకుంటే చేతికి తగిలి చెంబు కింద పడ్డదనుకో, రసం పోతది, కథ ఖతం. నా పేరు ఉంటది, చెంబు మీద నాన్న పేరు ఉంటది. నా చేతులు చెంబును పట్టుకున్నయి సుత. బల్ల అంచుదాక జరిపిన.

"జాగ్రత్త! అడుగున మిగిలే రసం షెర్లిన్‌ది" అన్నది ఆంటీ. "మిగిలిందంతా దానికే ఇద్దామనుకున్నా. పాపం రెండుసార్లు పోయింది గదా. పొద్దున రాగానే పరగడుపున ఒక గ్లాసు నిండా ఇచ్చాను, ప్రార్థన చేసి మరీ. ఖాళీ గ్లాసు తెచ్చి చూపించింది."

ఒక్క గుటక కాదు. రాత్రంతా సీసం మీద నిలబడ్డ పుల్లటి రసం, గ్లాసు నిండా, ఆరు నెలల కడుపుల.

చెంబు రెండు చేతులతోని ఎత్తుకుని హాల్లకు నడిచిన. అయ్యగారు సంస్కారం మాటలు మొదలు పెట్టబోతుండు. రెండు వందల మంది. కీబోర్డ్ మీద మార్క్ మెత్తగ వాయిస్తుండు. నన్ను చూసి ఆపిండు.

"అయ్యగారూ, ఆగుండ్రి" అన్న నేను. "ఈ చెంబుకు మాటు వేసింది నేను. సీసం ఉన్న వైరుతోని వేసిన. రసం రాత్రంతా దీంట్లనే ఉంది. దీన్ని ఎవరూ ముట్టొద్దు. తప్పు నాది."

ఒక్కసారి గుసగుసలు లేచినయి. ముందు వరుసల పెద్దాయన బుచ్చిబాబు నిలబడ్డడు. "మా ఇంటి గిన్నెలన్నీ నీ దగ్గరికే వస్తయి గదమ్మా ఇన్నేండ్ల సంది. వాటికి ఏం పెట్టినవ్ మరి?"

మంచిదే పెట్టిన అనాలె. అంటే ఎవరు నమ్మాలె ఇప్పుడు?

"అక్కా, రీలు తెచ్చి పెట్టింది నేను" అని మార్క్ లేచిండు. "గురువారం పెట్టిన."

"నువ్వు రాసున్నదే తెచ్చినవ్. రీళ్ళల్ల వైర్లు తారుమారు చేసింది నేను. కూసో."

చెంబు అయ్యగారి చేతిలపెట్టి షెర్లిన్ కోసం చూసిన. వరండా తలుపు దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నది. పొట్ట మీద రెండు చేతులు పెట్టుకుని గోడకు ఆనుకుంది, ఆ రోజు నా షాపుల ఆనుకున్నట్టే.

దగ్గరికి పోయిన. "పొద్దున ఆంటీ ఇచ్చిన రసం తాగినవా?"

ఆమె కండ్లు మార్క్ దిక్కు, ఆంటీ దిక్కు తిరుగుతున్నయి.

"షెర్లిన్, తాగినవా లేదా?"

నా గొంతు లేచింది. ఆ పిల్ల ఇంకింత వెనక్కి జరిగింది, జరగనీకి గోడ తప్ప ఏం లేకపోయినా. అప్పుడు చూసిన నేను. ఈ పిల్లకు సీసమంటే భయం తర్వాత సంగతి. ముందు నేనంటే భయం. ఇప్పుడు నేను ఇంకొక్కసారి అరిస్తే, ఏది చెప్తే నేను ఊకుంటనో అదే చెప్తది, ఉన్నది చెప్పదు. నాకు కావాల్సింది ఉన్నది. దాన్ని బట్టే ఇప్పుడే దవాఖానకు ఉరకాల్నా వద్దా.

ఆడనే గచ్చు మీద కూసున్న. ఆమె నిలబడి ఉంది, నేను కింద కూసోని ఆమె కాళ్ళు పట్టుకున్న. రెండు వందల మంది చూస్తుండ్రు. చూడనీ.

"తిట్టనమ్మా" అన్న. "నాన్న మీద ఒట్టు, తిట్టను. తాగితే తాగిన అని చెప్పు. దవాఖాన పక్కనే ఉంది, ఇప్పుడే పోదాం. తాగకపోతే తాగలే అని చెప్పు. ఏది చెప్పినా తిట్టను."

చానాసేపు పట్టింది. ఆ సేపు అంతా నేను నోరు మూసుకున్న. నా బతుకుల అంతసేపు మూసుకున్నది అదే మొదలు.

"తాగలేదొదినా." గొంతు వినిపిస్తలేదు. "పొద్దున వాసనకే వాంతొచ్చింది. మామయ్య పేరున్న చెంబులది వద్దంటే ఆంటీ నీకు చెప్తది, నువ్వు తిడ్తవని... వెనక మందార కుండీల పోసిన. గ్లాసు కడిగి ఆంటీకి చూపిచ్చిన."

"నిజంగ?"

"కుండీ మన్ను ఇంకా ఎర్రగనే ఉంటది. చూడు పో."

మార్క్ ఉరికిండు. కిటికీలకెల్లి ఆని గొంతు వినిపిచ్చింది. "ఉన్నదక్కా! ఎర్రగ ఉన్నది!"

నాకు ఏడుపు ఆగలే. షెర్లిన్ పాదాల మీద తల పెట్టి ఏడ్చిన. నేను తిడ్తనని ఒకడు నిజం దాచి ఇంతదాక తెచ్చిండు. నేను తిడ్తనని ఇంకొకతె నిజం దాచి బతికిపోయింది. రెండింట్లనూ నేనే ఉన్న. షెర్లిన్ వంగలేక వంగి నా తల మీద కొంగు కప్పింది.

ఆ రోజు సంస్కారం గంట లేటయింది. యేసుమణి ఆంటీ గల్లీ చివరి బండి మీద నల్లద్రాక్షలు తెప్పిచ్చి, ఆడోళ్ళందరు చేతులతోనే పిండి, గాజు జగ్గుల పోసిండ్రు. అయ్యగారు నన్ను సుత పిలిచిండు. నా చేతులు నల్లగనే ఉండె.

సీసం పడ్డ చెంబును మళ్ళ తాగనీకి వాడొద్దని నేనే చెప్పిన. ఎంత గీకినా సందుల మిగుల్తది. ఇప్పుడు దాంట్ల పూలు పెడ్తుండ్రు, నాన్న పేరు ముందరికి వచ్చేటట్టు. బుచ్చిబాబు ఇంటి గిన్నెలు అన్నీ తెప్పిచ్చుకుని ఆయన ముందర్నే ఒక్కొక్క మాటు గీకి, రెండు వందల అయిదు దగ్గర పెట్టి చూపిచ్చిన. ఒక్కటీ కరగలే. అయినా ఆయన ఇప్పుడు వేరే షాపుకు పోతుండట. పోనీ, ఏం చేస్తం.

సుకన్య టీ క్యాన్‌కు ఆ ట్యాప్ పీకేసి, కొత్త ట్యాప్ తెచ్చి వెండి వైరుతోని వేసిన. వేసి, మెట్టు దిక్కు తిరిగి "తాత, చూడు" అన్న.

బుచ్చయ్య తాత అనుమానంగ చూసిండు, క్యాన్‌ను కాదు, నన్ను. "చెప్పమంటవా?"

"చెప్పు."

"గీ మూల దిక్కు పల్చగ పడ్డది."

నాలుక కొస దాక వచ్చింది. మింగి, మళ్ళ ఐరన్ పెట్టిన.

రీళ్ళ మీద ఇప్పుడు ఏది అయితే అదే పేరు ఉంది, లావు మార్కర్‌తోని నేనే రాసిన. నిన్న సాయంత్రం మార్క్ వచ్చిండు. మెట్టు ఎక్కలే, కిందనే నిలబడ్డడు.

"అక్కా, చర్చి మైకు వైర్లకు మామూలు టంకం వైరు అయిపోయింది. తొందరల నీ వెండిది నాలుగు మూరలు వాడిన. నేనే వాడిన."

తిట్టిన. ఎందుకు తిట్టనూ? తాత చెవులు మూసుకునేటట్టు తిట్టిన. కానీ వాడు చెప్పినంక తిట్టిన. వాడు నవ్వుకుంట, అయిపోయేదాక విని, నాకు చాయ్ తెచ్చిచ్చి పోయిండు.